మోకాళ్ళ కోసం పదమూడు ముక్కలు

ఒకటో రోజు

డాక్టరు సుభాషిణి గారికి. రోజూ మోకాళ్ళ సంగతి రెండు వాక్యాల్లో రాసి పంపమన్నారు. వాపు ఉందా, నొప్పి ఉందా, అంతే చాలన్నారు. రెండు వాక్యాలతో ఊరుకునే మనిషిని కానని రామచంద్రపురంలో నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. మీరు ఈమధ్యే పరిచయమయ్యారు కాబట్టి మీ తప్పు లేదు.

వాపు లేదు, నొప్పి లేదు. అక్కయ్య నేల మీద కూర్చుంది.

కనకరత్నం అక్కయ్య నా తోడికోడలు, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. పన్నెండేళ్ళుగా కుర్చీలో తప్ప ఎక్కడా కూర్చోలేదు. ఇవాళ హోటల్ గదిలోకి రాగానే తివాసీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేలకి చెయ్యి ఆనించకుండా లేచింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. సామాను తెచ్చిన యంత్రం ఏదైనా సాయం కావాలా అని మూడుసార్లు అడిగింది. డెబ్భై రెండు కిలోల మనిషి చంద్రుడి మీద పన్నెండు కిలోలే కాబట్టి వీలైందని నాకూ తెలుసు. అయినా కళ్ళనీళ్ళు వచ్చాయి.

మీరు చెప్పింది సరిగ్గా బుర్రకెక్కిందో లేదో ఒకసారి రాస్తాను, తప్పుంటే దిద్దండి. ఓడ ఎక్కే ముందు రెండు మోకాళ్ళలోనూ మీరు పెట్టిన గుజ్జు గట్టిపడి అరుగుదల పూడ్చడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. ఈలోగా భూమ్మీదకి దిగి పూర్తి బరువు వేస్తే కరిగిపోతుంది, రెండోసారి పెట్టడానికి వీల్లేదు. ఇక్కడి మోకాళ్ళ ఆసుపత్రిలో చోటు కావాలంటే ఆరేళ్ళు ఆగాలి. అందుకే అందరిలాగే మేమూ ఈ వెన్నెల పేలస్‌కి జూదరుల టిక్కెట్టు మీద వచ్చాం. టిక్కెట్టుకి పది రోజులు. ఆపైన రోజులు ఎంత పోసినా అమ్మరు, బల్ల దగ్గర గెలుచుకోవాలి. రోజుకి ఒకే ఆట, గెలిచిన వాళ్ళకి మూడు రోజులు. గెలిచిన రోజులు ఇంకొకరికి ఇవ్వడానికి లేదు.

అంటే అక్కయ్య నాలుగు ఆటలు గెలవాలి. పేకముక్కలు పట్టడంలో నన్ను మించినవాళ్ళు మా ఇంటా వంటా లేరు. ఏం లాభం, మోకాళ్ళు నావి కావు.

రెండో రోజు

ఈ హోటల్ గురించి చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. స్నానాలగదిలో కొళాయిలు బంగారు రంగు. తిప్పితే నీళ్ళు తీరిగ్గా, ఎవరో బతిమాలితే వచ్చినట్టు దిగుతాయి. ఈతకొలనులో అల లేస్తే మనిషెత్తు లేచి, దిగాలా వద్దా అని ఆలోచించుకుని దిగుతుంది. కిటికీలోంచి భూమి కనిపిస్తుంది. దాని ముందు నిలబడి ఫోటోలు తీయించుకునే వాళ్ళతో నడవాలన్నీ కిటకిట. మా చీరలైతే నడిచినప్పుడల్లా గొడుగుల్లా విచ్చుకుంటున్నాయి. పొద్దున్నంతా కూర్చుని కుచ్చిళ్ళ అంచుల్లో ఇనపగుండీలు కుట్టాను.

పక్కలు సర్దే యంత్రం ఎనిమిదింటికి వస్తుంది. అక్కయ్య ఏడున్నరకే దుప్పట్లు మడతపెట్టి, దిండ్లు దులిపి పెట్టేసింది. వేరేవాళ్ళ చేత పని చేయించుకోవడం ఆవిడకి మొహమాటం. యంత్రం వచ్చి ఆ మడతలు విప్పి, మళ్ళీ తన పద్ధతిలో మడిచింది. అది వెళ్ళాక అక్కయ్య, పాపం దానికి రెండు పనులయ్యాయని బాధపడింది.

సాయంత్రం నాలుగింటికి బల్ల తెరుస్తారు. మహా హాలులో చక్రాలు, పాచికలు, ఇంకా పేరు తెలియని ఆటలు చాలా ఉన్నాయి. పదమూడు ముక్కలాటకి ఒకే బల్ల. మేమిద్దరం కాక అక్కడ పాలకొల్లు నుంచి వచ్చిన కొబ్బరి వ్యాపారి బుల్లబ్బాయి గారు ఉన్నారు. ఆయన వచ్చి రెండు నెలలైందట, గెలుస్తూ ఉండిపోతున్నారు. నాలుగో చెయ్యి హోటల్ ఉద్యోగి ఫణీంద్రది. ముక్కలు పంచేదీ అతనే. అతను గెలిస్తే ఆ రోజు ఎవరికీ ఏమీ రాదు.

ఆడుతున్నంతసేపూ ముక్కల్ని ముందున్న చట్రంలో నిలబెట్టుకుని, ఎడమ అరచెయ్యి బల్ల అంచుకి ఆనించి ఉంచాలి. మనసులో ఓడిపోదామన్న ఉద్దేశం ఉంటే బల్లకి తెలిసిపోతుంది. తెలిస్తే ఆట రద్దు, మర్నాడు బల్ల మూత. ఒకరి కోసం ఒకరు ఓడితే దాన్ని జూదం అనరమ్మా, దానం అంటారు, అని ఫణీంద్ర వివరించాడు. బల్ల మాట్లాడుతుంది కూడా. నెమ్మదిగా, మందలిస్తున్నట్టు ఉంటుంది గొంతు. అందరూ దాన్ని మాస్టారు అంటున్నారు.

ఇవాళ బుల్లబ్బాయి గారు గెలిచారు. మొదటి రోజే కదా అని ఊరుకున్నాను.

నాలుగో రోజు

మోకాళ్ళు బాగున్నాయి. నా బుర్రే వేడెక్కింది.

నిన్న ఫణీంద్ర గెలిచాడు. ఇవాళ మళ్ళీ బుల్లబ్బాయి గారు. ఆయన అక్కయ్యకి ఎడంపక్కన కూర్చుంటారు, కాబట్టి అక్కయ్య పారేసిన ముక్క తీసుకునే వంతు ఆయనది. ఆవిడ ఏం పారేస్తోందో ఇవాళ కనిపెట్టి చూశాను. ప్రతిసారీ ముక్క పైకి తీసి, ఒక్కక్షణం ఆయన మొహంలోకి చూసి, దాన్ని లోపల పెట్టేసి ఇంకొకటి వేస్తోంది. ఆయన దాన్ని ఎగబడి తీసుకుంటున్నారు. మూడు ముక్కలు అలా తీసుకున్నారు, మూడూ ఆయనకి అతికిపోయాయి.

గదికి వచ్చాక అడిగాను. అక్కయ్య దాచలేదు.

"ఆయనకి ఇస్పేటు జాకీ కావాలే. మొహం చూస్తే తెలియట్లా? నా చేతిలో పెట్టుకుని, పనికిరాని రెండో మూడో ఆయన ముందు ఎలా పడేస్తాం?"

"అది ఆటక్కా."

"ఆటైతే? చేత్తో ఇస్తున్నాం కదా."

అప్పుడర్థమైంది. మా అత్తవారిది రామచంద్రపురంలో పదకొండు మంది ఉన్న ఇల్లు. వంటయంత్రాలు వచ్చి వండడం తప్పినా వడ్డన మాత్రం ఎప్పుడూ అక్కయ్యదే. ఎవరికి పప్పు కావాలో, ఎవరు మొహమాటానికి చాలంటున్నారో మొహాలు చూసి కనిపెట్టి వడ్డించేది. ఆ చేత్తోనే ఇప్పుడు ముక్కలు వేస్తోంది. ఓడిపోవాలని కాదు కాబట్టి మాస్టారు పట్టుకోవట్లేదు. పేకాటలో ఎదటివాడి చేతిలో ఏముందో తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది, అదీ సగం సగమే తెలుస్తుంది. ఈవిడకి కళ్ళతో చూసినట్టు తెలుస్తోంది. తెలిసి చేస్తున్నదేమో ఇది.

ఆరో రోజు

నిన్న నేను తెలివి ఉపయోగించాను. బుల్లబ్బాయి గారిని బతిమాలి చోటు మారి, అక్కయ్యకి ఎడంపక్కన నేను కూర్చున్నాను. ఇంట్లో మనిషినే కదా, నాకు వడ్డించదనుకున్నాను.

నిన్న నేను గెలిచాను. ఇవాళా నేనే గెలిచాను.

నాకిప్పుడు పదహారో రోజు దాకా చోటుంది. అక్కయ్యకి పదో రోజు దాకే. ఫణీంద్ర అభినందించి పువ్వులగుత్తి ఇస్తే తీసుకోవడానికి సిగ్గేసింది. అక్కయ్య మాత్రం అందరికీ కనపడాలని ఆ గుత్తిని గుమ్మం దగ్గర పెట్టింది. బుల్లబ్బాయి గారు చూసి, అక్కగారు అన్నపూర్ణ అండి, నా చోటు నాకు ఇచ్చెయ్యండి అన్నారు. నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

ఎనిమిదో రోజు

నిన్న నేను చెయ్యకూడని పని చేశాను. నా దగ్గర జోకరుంది. దాన్ని పారేద్దామని వేలు పెట్టానో లేదో మాస్టారు పట్టేసింది. హైమావతి గారూ, మీరు ఓడిపోవాలనుకుంటున్నారు, అంది అందరి ముందూ. బడిలో కాపీ కొడుతూ దొరికినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు. ఆట రద్దయింది. ఇవాళ బల్ల మూశారు. నా తెలివికి అక్కయ్యకున్న కొద్ది రోజుల్లో రెండు పోయాయి.

 అక్కయ్యే, నాకు బెంగగా ఉందని ఫలహారశాలకి తీసుకెళ్ళింది. అక్కడ పెసరట్టు తిరగేస్తే పైకప్పు దాకా వెళ్ళి వస్తుంది. అది చూస్తూ నిలబడితే మనసు తేలికపడుతుంది, నిజం చెప్పాలి. ఇక్కడున్న ఎనిమిది రోజుల్లో ఎనిమిది రోజులూ నాకు హాయిగానే ఉంది. అక్కయ్య మెట్లెక్కడం చూస్తే చాలు. లిఫ్టు ఉన్నా ఎక్కదు. పాతిక మెట్లు గబగబా ఎక్కేసి పైనించి నన్ను పిలుస్తుంది.

బుల్లబ్బాయి గారు మా బల్లకే వచ్చి కూర్చున్నారు. ఆయన కుడిచేతి మణికట్టుకి కట్టు ఉంది. పచ్చడి సీసా మూత తిప్పబోతే ఎముక చిట్లిందట. పచ్చడి సీసా మూతకా, అని అక్కయ్య అడిగింది. ఆయన చాలాసేపు మాట మార్చడానికి చూశారు. ఎంతమందికి వడ్డించిన మనిషి అక్కయ్య, అలా వదుల్తుందా. చివరికి చెప్పారు. బరువు తక్కువైనచోట ఎక్కువకాలం ఉండటంతో ఎముకలు గుల్లబారుతున్నాయట. వెంటనే కిందకి దిగమని హోటల్ డాక్టరు రెండు వారాల కిందటే చెప్పాడట. గెలిచిన రోజులు వదులుకుని దిగితే పాలకొల్లులో తల ఎత్తుకోలేనని ఈయన చెవిన పెట్టలేదు.

అక్కయ్య ఆయన కంచం కేసి చూసి, పెరుగు ఇంకాస్త వేసుకోండి అంది. 

తొమ్మిదో రోజు

అక్కయ్య గెలిచింది.

బల్ల దగ్గరికి వెళ్ళేముందు, నన్ను బుల్లబ్బాయి గారి పక్కన కూర్చోబెట్టవే, అంది. మతిపోయిందనుకున్నాను. సరే కానిమ్మని ఆయన చోటు ఆయనకి ఇచ్చేశాను. ఆట మొదలయ్యాక చూద్దును కదా, అక్కయ్య ఆయన మొహంలోకి చూస్తోంది, చేతిలో ముక్క లోపల పెడుతోంది, ఆయనకి ఎందుకూ కొరగానిది వేస్తోంది. అదీ తడుముకోకుండా. ఆయన పాపం ప్రతిసారీ చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నారు. పదో చుట్టులో అక్కయ్య షో చెప్పింది.

గదికి వస్తూ ఆట నేర్చేసుకున్నావే అన్నాను. ఆవిడ వింతగా చూసింది.

"ఆటేంటే? ఆయన ఇంకో మూడు రోజులు ఉంటే ఎముకలు ఇంకా పాడైపోవూ? మీ బావగారికి షుగరొచ్చినప్పుడు ఇరవై ఏళ్ళు బెల్లం డబ్బాకి తాళం వేశాను. ఎంత అలిగినా ఇచ్చానా?"

నడవా మధ్యలో నిలబడి నవ్వాను. వచ్చేపోయే వాళ్ళు చూసినా ఆపుకోలేకపోయాను. పెట్టడం ఎంత బాగా తెలుసో, మంచికోసం పెట్టకపోవడమూ అంత బాగానే తెలుసు ఆవిడకి. ఆ సంగతి నాకు తట్టలేదు.

పన్నెండో రోజు

పదో రోజు గెలిచింది. నిన్న ఫణీంద్ర కొట్టేశాడు. ఇవాళ మళ్ళీ అక్కయ్య. మూడు ఆటలయ్యాయి, పంతొమ్మిదో రోజు దాకా చోటుంది. ఇంకొక్కటి చాలు.

మోకాళ్ళలో సన్నటి దురద ఉందంటోంది. గుజ్జు పట్టుకుంటే అలాగే ఉంటుందని మీరు రాశారు కాబట్టి గోకనివ్వట్లేదు.

పదమూడో రోజు

బుల్లబ్బాయి గారి రోజులు అయిపోయాయి. పొద్దున్న ఓడలో దిగిపోయారు. సాగనంపడానికి వెళితే మాకు చెరొక కొబ్బరుండ చేతిలో పెట్టారు. ఆ తర్వాత అక్కయ్యతో అన్న మాటలు రాయకుండా ఉండలేను.

"అక్కగారూ, మీరు నాకు ముక్క ఆపేశారని మొదటి రోజే తెలిసిందండి. నామీద కోపమొచ్చిందేమోనని తెగ బాధపడ్డాను. ఎందుకో తర్వాత అర్థమైంది. మా ఇంట్లో వాళ్ళు రెండు నెలలుగా ఫోన్లో ఏడ్చినా దిగనివాణ్ణి, ఎవరూ పెట్టకపోతే దిగుతున్నాను."

అక్కయ్య ఆయనకి కాల్షియం మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపారు.

పదహారో రోజు

మూడు రోజులుగా రాయలేదు, క్షమించాలి. రాయడానికి మొహం చెల్లలేదు.

బుల్లబ్బాయి గారు వెళ్ళాక పదమూడు ముక్కలాట తెలిసినవాళ్ళు హోటల్ మొత్తం మీద మేమిద్దరం, ఫణీంద్ర మిగిలాం. ముగ్గురు లేకపోతే బల్ల తెరుచుకోదు, కాబట్టి నేను మానుకుంటే అక్కయ్యకీ ఆట లేదు. ముగ్గురే ఉన్నప్పుడు చోట్లు హోటలే నిర్ణయిస్తుంది. నన్ను తీసుకెళ్ళి అక్కయ్యకి ఎడంపక్కన కూర్చోబెట్టింది.

ఆయన వెళ్ళిన రోజు ఫణీంద్ర గెలిచాడు. మొన్న నేను గెలిచాను. నిన్న నేను గెలిచాను. ఇవాళా నేనే. గెలవాలనే ఆడాలి, లేకపోతే మాస్టారు ఊరుకోదు. ఎదురుగా కావలసిన ముక్క పడుతూ ఉంటే చెయ్యి దానంతటదే వెళ్తుంది.

మొన్న ఆశగా హోటల్ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా ఎముకలు కూడా గుల్లబారుతున్నాయని ఒక్క మాట అంటే చాలు, అక్కయ్య నాకు బెల్లం డబ్బా మూసేస్తుంది. ఆయన అన్ని పరీక్షలూ చేసి, ఈ వయసులో ఇంత గట్టి ఎముకలు చూడలేదమ్మా, ఇంకో రెండు నెలలు నిక్షేపంగా ఉండొచ్చు అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నానని విని ఏడుపు రావడం నా జన్మలో అదే మొదలు. అబద్ధం చెబుదామా అనుకున్నాను. నా మొహం చూస్తే అక్కయ్యకి అన్నీ తెలుస్తాయి.

పద్దెనిమిదో రోజు

నిన్న ఫణీంద్ర గెలిచాడు. రేపటితో అక్కయ్య రోజులు ఆఖరు. ఎల్లుండి పొద్దున్న ఓడలో దింపేస్తారు. ఇరవై ఒకటికి రెండు రోజులు తక్కువ. రెండు రోజులే కదా, ఫరవాలేదంటారేమోనని మీకు ఫోన్ చేసి అర్ధగంట బతిమాలాను. ఒక్క రోజు తక్కువైనా కరిగిపోతుందనే చెప్పారు మీరు.

పొద్దున్న దుప్పట్లు మడతపెడుతున్నాం. నేనూ ఓ చివర పట్టుకుంటున్నాను, యంత్రం ఏమనుకుంటే అనుకోనీ అని. నాకు ముక్కలు వెయ్యొద్దక్కా, అన్నాను. వెయ్యకుండా ఎలాగే, నువ్వు నా కళ్ళ ముందు పెరిగిన పిల్లవి, అంది. నాకు ఏభై తొమ్మిదేళ్ళు. అప్పుడు ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరితోనూ అనని మాట బయటికి వచ్చేసింది.

"నువ్వు చివర్న తినేదానివి. నీ వంతు వచ్చేసరికి కూర గిన్నె అడుగంటేది. అది నాకు తెలుసక్కా. కాపురానికి వచ్చిన మొదటి వారమే తెలుసు. ఒక్కనాడు కూడా నీకు ఉందా అని అడగలేదు. అడిగితే నా కంచంలోది తీసి పెట్టాల్సి వస్తుందని."

దుప్పటి అంచు ఆవిడ చేతిలోనే ఉంది.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నీకు తెలుసని తెలుసే. మొహాలు చూసి వడ్డించినదాన్ని. నీ మొహం తెలీదా నాకు?" దుప్పటి మడిచి మంచం మీద పెట్టింది. తర్వాత, ఎవరి గురించో చెబుతున్నట్టు అంది. "బంగాళాదుంప వేపుడంటే నాకూ ఇష్టమేనే."

ముప్ఫై అయిదేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. ఆవిడకి ఏమిష్టమో నాకు తెలియదు. మిగతావాళ్ళూ ఎవరూ అడిగినట్టు గుర్తు లేదు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఇక్కడ కన్నీళ్ళు కూడా చెంప మీదే కూర్చుంటాయి, కిందకి దిగవు. తుడుచుకుంటేనే పోతాయి.

సాయంత్రం ఆటలో డైమను రాణి నాకు కావలసి వచ్చింది. అది అక్కయ్య చేతికి వచ్చింది. ఒక చుట్టు ఆపింది. రెండో చుట్టులో వేసేసింది. నేను గెలిచాను. నాకు ఇరవై ఎనిమిదో రోజు దాకా చోటు దొరికింది, దాన్ని ఏం చేసుకోను.

పంతొమ్మిదో రోజు

పొద్దున్నే పెట్టెలు సర్దుకున్నాం. కుచ్చిళ్ళ ఇనపగుండీలు ఇక అక్కర్లేదని విప్పబోతే, సాయంత్రం ఆట అయ్యేదాకా ఉండనీ అంది అక్కయ్య. నేను ఆట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే బల్ల దగ్గర నా గుండె చెబుతుందని భయం.

నాలుగింటికి కూర్చున్నాం. ఫణీంద్ర ముక్కలు పంచాడు. నాకు మంచి చెయ్యి పడింది, ఎప్పుడూ అంతే. గెలవాలని ఆడాను. డాక్టరు గారూ, ఇది మీరు నమ్మాలి. అక్కయ్య గెలవాలని ఎంత ఉన్నా, నా చేతిలో ముక్కలున్నప్పుడు నేను ఆడేదాన్నే, అది నా స్వభావం. ఎనిమిదో చుట్టుకి నాకు ఒకే ముక్క తక్కువ. ఆఠీను ఎనిమిది, ఆఠీను పది ఉన్నాయి. మధ్యన తొమ్మిది పడితే షో.

అక్కయ్య పేకలోంచి ఒక ముక్క తీసింది. దాన్ని చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. అది ఆఠీను తొమ్మిదేనని ఆ చూపు బట్టే నాకు తెలిసింది. నాకు కావాలని ఆవిడకీ తెలిసింది. కంచం ముందు కూర్చుని కూర గిన్నె వంక చూసే మొహమే అయ్యుంటుంది నాది, ఇంకోలా పెట్టడం నాకు రాదు. ఆవిడ వేళ్ళ మధ్య ఆ ముక్క అటూ ఇటూ ఊగింది. ఫణీంద్ర దగ్గాడు.

అక్కయ్య దాన్ని తన ముక్కల మధ్యలో పెట్టుకుంది. కళావరు రెండు తీసి నా ముందు వేసింది.

నేను పేకలోంచి తీసుకున్నాను, పనికిరాలేదు. ఇంకో చుట్టు తిరిగింది. ఆవిడ మళ్ళీ నా మొహం చూసింది, మళ్ళీ ఏదో పిచ్చిముక్క వేసింది. మూడో చుట్టులో ముక్కలన్నీ బల్ల మీద పరిచింది. ఇస్పేటు తొమ్మిది, డైమను తొమ్మిది, వాటి పక్కన ఆఠీను తొమ్మిది. అది ఆవిడకీ కావలసిన ముక్కే. పద్దెనిమిది రోజులుగా ఇలాంటివెన్ని తీసి ఎదటివాళ్ళకి వేసిందో లెక్కలేదు.

నేను అరచెయ్యి తియ్యబోయాను.

"హైమావతి గారూ, ఆగండి," అంది మాస్టారు. "ఓడినందుకు మీ గుండె సంతోషిస్తోంది."

అక్కయ్య మొహం పాలిపోయింది. ఆట రద్దయితే రేపు పొద్దున్నే ఓడ, ఇంకో ఆట అన్నది లేదు. ఫణీంద్ర నా ముక్కలు తిప్పి బల్ల మీద పరిచాడు. మాస్టారు నేను తీసినవీ వేసినవీ మొదటినుంచీ ఒక్కొక్కటే సరిచూసింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. అక్కయ్య రెండో చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది, నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఒక్క తప్పు ముక్క వేశానా, ఒక్కసారి తటపటాయించానా అని నేనే వెతుక్కున్నాను. లేదు. నా జన్మలో ఇంత శ్రద్ధగా ఆడలేదు.

"మీరు గెలవడానికే ఆడారు," అంది మాస్టారు చివరికి. "ఓడాక సంతోషించకూడదన్న నియమం లేదు. ఆట చెల్లుతుంది."

ఫణీంద్ర కళ్ళు తుడుచుకోవడం చూశాను. హోటల్ మనిషి కదా, వెంటనే పేక కలపడం మొదలుపెట్టాడు.

మెట్లెక్కుతుంటే అక్కయ్య మధ్యలో ఆగింది.

"నీకు కావాలని తెలుసే. ఇవ్వాలనిపించలేదు. నాకూ కావాలి కదా అనిపించింది." కాస్త ఆగి అడిగింది. "కోపమొచ్చిందా?"

రాలేదన్నాను. ఆవిడ నా మొహం చూసి నమ్మింది.

ఇరవై రెండో రోజు

ఇవాళ పొద్దున్న హోటల్ డాక్టరు అక్కయ్యని బరువుగదిలోకి తీసుకెళ్ళాడు. అది గిర్రున తిరిగే గది, లోపల భూమ్మీద ఉన్నంత బరువూ ఉంటుంది. కిందకి వెళ్ళేవాళ్ళని ముందు అందులో నిలబెట్టి చూస్తారు. నేను అద్దంలోంచి చూశాను. నేల మీద కూర్చోమన్నాడు. కూర్చుంది. లేవమన్నాడు. డెబ్భై రెండు కిలోలూ రెండు మోకాళ్ళ మీద వేసుకుని, నేలకి గానీ గోడకి గానీ చెయ్యి ఆనించకుండా లేచింది. నొప్పి లేదు, వాపు లేదు, దురద కూడా లేదు. మీ గుజ్జు పట్టింది, డాక్టరు గారూ. పరీక్ష కాగితాలు దీంతో జత చేశాను.

ఇంకో గంటలో ఓడ. నాకు ఇరవై ఎనిమిదో రోజు దాకా ఉండే హక్కుంది గానీ అక్కయ్యతో పాటే దిగుతున్నాను. ఇప్పుడే భోజనం చేసి వచ్చాం. దిగేవాళ్ళకి హోటల్ వాళ్ళు తెలుగు భోజనం పెట్టారు. గిన్నెలు బల్ల మీద పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళే వేసుకోమన్నారు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అక్కయ్య అప్పటికే కూర్చుని తింటోంది. గిన్నెలో ఉన్న బంగాళాదుంప వేపుడంతా ఆవిడ కంచంలో ఉంది. నన్ను చూసి కూడా తీసి పెట్టలేదు.

నేను పెరుగన్నం తిన్నాను. ఇంత తృప్తిగా ఎప్పుడూ తినలేదు.